రాత్రి రెండింటికి సేవ్ కాని బిల్లు: మా హాస్పిటల్ బ్యాకప్ మార్చిన రెండు నెలలు

2025 ఏప్రిల్ 12, తెల్లవారుజాము 2:18. నైట్ డ్యూటీ ఫార్మసిస్ట్ నుంచి ఫోన్. "అక్కా, సిస్టమ్ పట్టుకుపోయింది. పేషెంట్ పేరు కొడితే వస్తాంది, సేవ్ కొడితే తిరుగుతానే ఉంది. హైవే మీద యాక్సిడెంట్ కేసులు మూడు వచ్చినాయి. వాళ్ల మనుషులు కౌంటర్ ముందరే నిలబడినారు."

కర్నూలులో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనొక్కదాన్నే. నూట యాభై పడకలు. ఫార్మసీ, ల్యాబ్, ఎమర్జెన్సీ ఇరవై నాలుగు గంటలూ నడుస్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు నుంచే కాదు, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా రాత్రిళ్లు అంబులెన్సులు వస్తుంటాయి.

మంచం మీదే ల్యాప్‌టాప్ తెరిచి సర్వర్‌లోకి వెళ్లాను. మా డేటా అంతా ఉండే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో అప్పుడు నడుస్తున్న పనుల జాబితా (ప్రాసెస్‌లిస్ట్) చూస్తే 63 వరుసలు కనిపించాయి. దాదాపు అన్నింటి పక్కనా ఒకటే మాట: వెయిటింగ్ ఫర్ టేబుల్ మెటాడేటా లాక్, అంటే టేబుల్‌కు పడిన తాళం తీసేదాకా ఎదురుచూపు. వాటన్నిటినీ ఆపి కూర్చున్నది రెండు గంటలకు మొదలైన మా బ్యాకప్పే. దాన్ని ఆపేశాను. ఆగిన సేవ్‌లన్నీ ఒక్కసారిగా లోపలికి వెళ్లాయి. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ సేవ్ కాలేదని ఫార్మసీలో, ఎమర్జెన్సీలో మళ్లీ మళ్లీ నొక్కారు కదా, ఒకే బిల్లు మూడు నాలుగు సార్లు పడింది. ఆ 17 బిల్లులు రద్దు చేయడానికి మర్నాడు అకౌంట్స్ వాళ్లకు మధ్యాహ్నం దాకా పట్టింది.

డ్యూటీ డాక్టర్ గట్టిగా చెప్పాక మందులు బిల్లు లేకుండానే ఇచ్చారు. ముగ్గురు పేషెంట్లూ కోలుకున్నారు. అయినా ఆ రాత్రి చీటీ చేతిలో పట్టుకుని ఒకావిడ పదిహేను నిమిషాలు కౌంటర్ దగ్గర నిలబడిందని ఫార్మసిస్ట్ చెప్పినప్పుడు నాకు గొంతు పట్టేసింది. ఆ బ్యాకప్‌ను నడిపే స్క్రిప్ట్ నేను రాసింది కాదు, సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ మొదట్లో పెట్టి వెళ్లింది. కానీ రెండేళ్లుగా దాన్ని చూసుకుంటున్నది నేనే. రోజూ పొద్దున "బ్యాకప్ ఓకే" అన్న మెసేజ్ చూసి సంతోషపడ్డదీ నేనే.

పొద్దున ఫార్మసీకి వెళ్లినప్పుడు కౌంటర్ కింద ఒక లాంగ్ నోట్‌బుక్ కనిపించింది. దారంతో పెన్ను కట్టి ఉంది. తెరిస్తే తేదీ, టైము, పేషెంట్ నంబరు, మందు పేరు, ఎన్ని, ఎవరు తీసుకున్నారు. అన్నీ రాత్రి రెండు, మూడు మధ్య రాసినవే. జనవరి నుంచి ఉన్నాయి. "రెండు గంటలకు సర్వర్ పండుకుంటాదక్కా. మూడైనాక ఎక్కిస్తాం. ఎప్పుడూ అంతే కదా" అన్నాడు ఫార్మసిస్ట్. నైట్ స్టాఫ్‌లో ఒక్కరూ నాకు ఫిర్యాదు చేయలేదు. అది సాఫ్ట్‌వేర్ పద్ధతేనని అనుకున్నారు. నాకు మెసేజ్ వస్తూనే ఉంది, వాళ్లు రాసుకుంటూనే ఉన్నారు.

నేను ఈ పనిలో చేరినప్పుడు డేటాబేస్ 14 జీబీ. బ్యాకప్ ఎనిమిది నిమిషాల్లో అయిపోయేది, దాన్ని ఎవరూ గమనించేవాళ్లు కాదు. తర్వాత ఒక అప్‌డేట్‌లో ల్యాబ్ రిపోర్టుల పీడీఎఫ్‌లు కూడా డేటాబేస్‌లోనే దాచడం మొదలైంది. ఇప్పుడు మొత్తం 86 జీబీ, అందులో 60 పీడీఎఫ్‌లే. ఎనిమిది నిమిషాలు నలభై ఏడు నిమిషాలయ్యాయి. మా బ్యాకప్ తీసేది మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే టూల్. వేరే ఆప్షన్ ఇవ్వకపోతే అది ఒక డేటాబేస్‌లోని టేబుళ్లన్నిటికీ మొదటే తాళం వేసి, చివరి టేబుల్ కాపీ అయ్యాకే తీస్తుంది. చదవడానికి ఒప్పుకుంటుంది, రాయడానికి ఒప్పుకోదు. పేరు వెతికితే రావడం, సేవ్ కాకపోవడం అందుకే.

అందరూ ఇచ్చిన సలహా ఒకటే: టైము మార్చు. నెల రోజుల ఎంట్రీలు గంటల వారీగా లెక్క తీశాను. బాగా తక్కువగా ఉండేది మూడున్నర, నాలుగున్నర మధ్య. అప్పుడు కూడా రాత్రికి సగటున తొమ్మిది ఎంట్రీలు. ఐదింటికి డయాలసిస్ మొదటి షిఫ్ట్, ఐదున్నరకు పరగడుపు శాంపిళ్లు. ఆ తొమ్మిదిలో ఏది ప్రాణం మీదికి వచ్చిన కేసో ముందే ఎవరు చెప్పగలరు? మా దగ్గర ఖాళీ గంట అంటూ లేదు.

ఏప్రిల్ 16న డంప్‌కు సింగిల్-ట్రాన్సాక్షన్ అనే ఆప్షన్ కలిపాను. మొదలుపెట్టిన క్షణంలో డేటా ఎలా ఉందో ఆ రూపాన్నే చివరి వరకు చదువుతుంది, టేబుళ్లకు తాళం వేయదు. ఆ రాత్రి రెండింటికి నేనే ఫార్మసీకి ఫోన్ చేసి అడిగాను. సేవ్ అవుతోందన్నారు. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

మూడు రోజులే ఆ హాయి. 19వ తేదీ పొద్దున బ్యాకప్ ఫైల్ సైజు సగమే ఉంది. మెసేజ్ మాత్రం మామూలుగానే "ఓకే". రాత్రి రెండున్నరకు రిపోర్టుల కోసం సాఫ్ట్‌వేర్ ఒక టేబుల్‌ను తీసేసి మళ్లీ తయారు చేస్తుంది. ఇలా తాళం లేకుండా చదివే పద్ధతిలో, మధ్యలో టేబుల్ నిర్మాణం మారితే ఎర్రర్ 1412 వచ్చి డంప్ ఆగిపోతుంది. అంతకుముందు రాత్రుల్లో డంప్ ఆ టేబుల్‌ను రెండున్నర లోపే దాటిపోయిందేమో, బయటపడలేదు. మరి మెసేజ్ ఓకే ఎందుకు వచ్చింది? డంప్ ఇచ్చేదాన్ని నేరుగా (పైపులో) ఫైల్‌ను కుదించే జిజిప్‌కు పంపుతున్నాం. డంప్ విఫలమైనా, జిజిప్ తన పని సరిగ్గానే ముగించింది. స్క్రిప్ట్ చూసేది చివరి కమాండ్‌నే. పైపులో ఏది విఫలమైనా చెప్పే పైప్‌ఫెయిల్ అనే ఒక్క మాట లేకపోవడం వల్ల రెండేళ్ల "ఓకే" మెసేజ్‌లకు విలువే లేదని తెలిసి ఆ రోజు అన్నం సహించలేదు. ఇప్పుడు పైప్‌ఫెయిల్ పెట్టాను. ఫైల్ చివర "డంప్ కంప్లీటెడ్" అన్న వరుస ఉందో లేదో కూడా స్క్రిప్టే చూస్తుంది.

ఆ భయంతోనే మరుసటి రోజు, ఆదివారం, రికార్డ్ రూమ్‌లో పక్కన పెట్టేసిన డెస్క్‌టాప్‌లో ఆ తెల్లవారుజామున తీసిన బ్యాకప్‌ను రిస్టోర్ చేశాను, అంటే దాన్నుంచి డేటాబేస్‌ను మళ్లీ నిలబెట్టి చూశాను. ఇదివరకు ఎప్పుడూ చేయలేదు. 5 గంటల 40 నిమిషాలు పట్టింది. లెక్కలు చూస్తే బిల్లులకూ మందుల స్టాక్‌కూ పొంతన లేదు. వెతికితే 214 టేబుళ్లలో 11 మైఐసామ్ అనే పాత నిల్వ పద్ధతిలో ఉన్నాయి. 2010లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ అనే పద్ధతే డిఫాల్ట్. మా సాఫ్ట్‌వేర్ అంతకన్నా పాత డిజైన్ మీద పెరిగింది. సింగిల్-ట్రాన్సాక్షన్ ఇన్నోడీబీ టేబుళ్లకే పనిచేస్తుంది. మైఐసామ్ టేబుల్ వంతు వచ్చేసరికి అది ఎలా ఉంటే అలా తీసుకుంటుంది. బిల్లులేమో రెండు గంటల నాటివి, స్టాక్ రెండు గంటల ముప్పై ఐదు నిమిషాల నాటిది. ఆ పదకొండింటిలో ఫార్మసీ స్టాక్ టేబుల్ ఉండడం మా దురదృష్టం.

21న సాఫ్ట్‌వేర్ కంపెనీకి మెయిల్ పెట్టాను. జవాబు మే 5న వచ్చింది. పద్నాలుగు రోజులు. ఈలోగా ఆ పదకొండు టేబుళ్లను మాత్రం విడిగా తాళం వేసి తీశాను. అన్నీ కలిపి 900 ఎంబీ కూడా లేవు, 40 సెకన్ల పని. రాత్రి మూడున్నరకు ఆ 40 సెకన్ల ముందు ఫార్మసీకి ఫోన్ చేసి చెప్పేదాన్ని. ఆ మధ్యలో సేవ్ ఆగినట్టు అనిపించినా ఒక్కసారే నొక్కండి, కాసేపట్లో అదే సేవ్ అవుతుంది అని. రెండు వారాలు అలారం పెట్టుకుని లేచాను. మా అమ్మ కూడా నాతో పాటే లేచి కూర్చునేది. వద్దన్నా వినలేదు.

కంపెనీ మొదట వాళ్ల టేబుళ్లు ముట్టుకుంటే సపోర్ట్ ఉండదంది. రిస్టోర్ చేసిన డెస్క్‌టాప్‌లో బిల్లు, స్టాక్ పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్లు పంపాక ఒప్పుకుంది. మే 11 రాత్రి పదకొండింటినీ ఇన్నోడీబీకి మార్చారు. 15,000 రూపాయలు తీసుకున్నారు. మారుస్తున్నంతసేపు ఆ టేబుల్‌లో రాయడం కుదరదు, అన్నీ కలిపి ఆరు నిమిషాలు. ముందే అన్ని కౌంటర్లకూ చెప్పి ఉంచడం వల్ల ఎవరూ ఇబ్బంది పడలేదు.

ఈ దశలో ఆగిపోవచ్చు. నిజానికి మీ డేటాబేస్ పది పదిహేను జీబీ లోపు ఉండి, టేబుళ్లన్నీ ఇన్నోడీబీ అయితే ఇక్కడే ఆగమంటాను. ఖర్చు లేదు, కొత్త మెషిన్ అక్కర్లేదు. మాకు అది చాలలేదు. డంప్ నడిచే నలభై ఏడు నిమిషాలూ హార్డ్ డిస్క్ ఊపిరాడకుండా తిరిగేది. ల్యాబ్ మెషిన్ నుంచి రిజల్ట్ ఎక్కడానికి రెండు సెకన్లకు బదులు ఇరవై సెకన్లు. పైగా డంప్ నుంచి రిస్టోర్ కావాలంటే ఆరు గంటలు. సాయంత్రం నాలుగింటికి సర్వర్ పోతే తెల్లవారుజాము తర్వాతి పనంతా పోయినట్టే. ఒక రోజు ఓపీ, ఒక రోజు ల్యాబ్ రిజల్ట్స్ పోవడమంటే మాటలు కాదు.

డిస్క్ ఒక క్షణంలో ఎలా ఉందో అలా పట్టి ఉంచే ఎల్‌వీఎం స్నాప్‌షాట్ చూశాను. దానికి డిస్క్‌లో (వాల్యూమ్ గ్రూప్‌లో) ఖాళీ జాగా ఉండాలి. మా సర్వర్ పెట్టినవాళ్లు ఉన్న డిస్క్ మొత్తం కేటాయించేశారు, మిగిలింది సున్నా. పైగా స్నాప్‌షాట్ ఉన్నంతసేపు ప్రతి కొత్త రాతకూ ముందు పాత బ్లాకును పక్కకు కాపీ చేయాలి, మా నిదానపు డిస్క్‌కు అది ఇంకో బరువు. దానికి ఇచ్చిన జాగా నిండితే స్నాప్‌షాటే చెల్లకుండా పోతుంది. వదిలేశాను.

పెర్కోనా ఎక్స్‌ట్రాబ్యాకప్ అనే బ్యాకప్ టూల్ బాగా నచ్చింది. ఉచితం. డేటా ఫైళ్లను నడుస్తుండగానే కాపీ చేస్తూ, ఆ మధ్యలో జరిగిన మార్పులను రీడూ లాగ్ అనే మార్పుల చిట్టా నుంచి పట్టుకుంటుంది. తర్వాత ప్రిపేర్ అనే అడుగులో రెండూ కలిపి ఒకే క్షణానికి తెస్తుంది. మాది మైఎస్‌క్యూఎల్ 5.7 కాబట్టి 2.4 వెర్షన్ వాడాలి, 8.0 వెర్షన్ దీనికి పనికిరాదు. 86 జీబీకి 35 నిమిషాలు పట్టింది. చివర్లో కాసేపు తప్ప తాళం లేదు కానీ డిస్క్ మీద బరువు మాత్రం అలాగే ఉంది. వేగం తగ్గించే ఆప్షన్ పెడితే గంటన్నర.

ఏ దారిన వెళ్లినా మెయిన్ సర్వర్ డిస్క్‌నే చదవాలి. దాన్ని అసలు ముట్టుకోకుండా ఉండాలంటే రెండో మెషిన్ ఉండాల్సిందే. మెయిన్‌లో జరిగే ప్రతి మార్పునూ వెంటవెంటనే అందుకునే రెప్లికా ఒకటి పెట్టి, బ్యాకప్ దాని నుంచి తీసుకోవాలి. ఏప్రిల్ 28న మేనేజ్‌మెంట్‌కు కాగితం పెట్టాను. మంజూరు మే 16న. ఆ పద్దెనిమిది రోజుల్లో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ గారు నాలుగుసార్లు పిలిచి అడిగారు. చివరిసారి "రెండో సర్వర్‌లో అంతా ఉంటుంది కదమ్మా, మళ్లీ డిస్కులు, క్లౌడ్ ఎందుకు?" అన్నారు. టెస్ట్ కోసం రెండు పాత డెస్క్‌టాప్‌లను అలాగే జత చేసి ఉంచాను. ఆయన ఎదురుగానే మొదటి దానిలో ఒక బిల్లు తీసేశాను. రెండో దానిలో చూపించమన్నాను. సెకను కూడా కాలేదు, అందులోనూ లేదు. పొరపాటున తీసేసినా రెప్లికా దాన్ని కూడా నమ్మకంగా పాటిస్తుంది. ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు.

రెప్లికా పెట్టాలంటే మెయిన్ సర్వర్‌లో బైనరీ లాగ్ (డేటాలో జరిగే ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే ఫైలు, బిన్‌లాగ్) ఆన్ చేయాలి. 5.7లో దాన్ని నడుస్తుండగా ఆన్ చేయలేం, మైఎస్‌క్యూఎల్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఇకమీదట ఆగకుండా ఉండడానికి ఒక్కసారి ఆపక తప్పదన్నమాట. మే 18 ఆదివారం తెల్లవారుజాము నాలుగింటికి పెట్టుకున్నాను. రాత్రే అన్ని కౌంటర్లకూ కాగితం ఫారాలు పంచి, ఎమర్జెన్సీ సిస్టర్‌తో ఒకసారి రిహార్సల్ కూడా చేశాం. రెండు నిమిషాలనుకున్నది ఆరు నిమిషాలైంది. ఆపే ముందు మెమరీలో ఉన్న మార్పులన్నీ డిస్క్ మీద రాసుకోవడానికే నాలుగు నిమిషాలు తీసుకుంది. ఆ నాలుగు నిమిషాల టెన్షన్ నేను మర్చిపోలేను, చేతులు చల్లబడ్డాయి. ఒక మాట: 5.7లో బైనరీ లాగ్ సెట్టింగ్ (లాగ్-బిన్) పెట్టి, సర్వర్‌కు నంబరిచ్చే సర్వర్-ఐడీ పెట్టకపోతే మైఎస్‌క్యూఎల్ అసలు లేవదు. డెస్క్‌టాప్‌లో ముందే చేసి చూశాను కాబట్టి తెలిసింది, లేకపోతే నాలుగింటికి అక్కడే ఏడ్చేదాన్ని.

రెండో మెషిన్ పాత సర్వరే, రీఫర్బిష్డ్, 31,000. రెండింటికీ ఒక టీబీ ఎస్‌ఎస్‌డీలు 13,500. మే 24న వచ్చాయి. మెయిన్ సర్వర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో మెట్ల కింద గదిలో ఉంది. దీన్నీ అక్కడే పెడదామన్నారు. రికార్డ్ రూమ్‌లో పనిచేసే పెద్దాయన ఒప్పుకోలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు కేస్ షీట్లు ముద్దయిపోతే, వాటిని మేడ మీద పరిచి ఒక్కొక్క కాగితం విడదీశామని, చాలావరకు ఇంకు కూడా మిగల్లేదని చెప్పారు. "మిషన్ నీళ్లలో ఉంటే నీ బ్యాకప్ యాడుంటాదమ్మా?" అన్నారు. ఆయన గదిలోనే, రెండో అంతస్తులో, వేరే యూపీఎస్ మీద పెట్టాం. మూడో కాపీ ఊరి బయట ఉండాలని నేను పట్టుబట్టింది కూడా ఆ మాట వల్లే.

ఎక్స్‌ట్రాబ్యాకప్ అప్పుడు అక్కరకొచ్చింది. మెయిన్‌ను ఆపకుండా దానితో తీసిన కాపీతోనే రెప్లికాను మొదలుపెట్టాను. సాయంత్రానికి మెయిన్‌తో సమానంగా వచ్చింది. 29న ఆగిపోయింది. సపోర్ట్ ఇంజనీరు ఒకరు రిపోర్ట్ కోసం రెప్లికాలోకి వెళ్లి ఒక ఎంట్రీ చేశారు. అదే నంబరుతో మెయిన్ నుంచి వచ్చిన ఎంట్రీ ఢీకొంది. రెప్లికాలో సూపర్ రీడ్ ఓన్లీ అనే సెట్టింగ్ ఆన్ చేశాను, ఇప్పుడు అడ్మిన్ లాగిన్‌తో కూడా అందులో ఎవరూ రాయలేరు.

జూన్ 1 నుంచి పద్ధతి ఇది. రాత్రి రెండింటికి రెప్లికా ఎక్కడిదాకా వచ్చిందో స్క్రిప్ట్ రాసుకుని, దాన్ని పూర్తిగా ఆపేస్తుంది. డేటా ఫోల్డర్ ఉన్నదున్నట్టు బయటి డిస్క్‌కు కాపీ అవుతుంది, ఇరవై నిమిషాలు. మళ్లీ మొదలవుతుంది, నిమిషంలోపు మెయిన్‌ను అందుకుంటుంది. మెయిన్ బిన్‌లాగ్‌లు పది నిమిషాలకోసారి రెండో మెషిన్‌కు చేరతాయి. కాబట్టి మెయిన్ సర్వర్ పాడైనా పోయేది మహా అయితే పది నిమిషాల పని.

క్లౌడ్ దగ్గర మళ్లీ చిక్కు. పీడీఎఫ్‌లు ముందే కుదించి ఉంటాయి, ఎంత కంప్రెస్ చేసినా 68 జీబీ కంటే తగ్గలేదు. మొదటి రాత్రి ఇంటర్నెట్ మొత్తం అదే మింగేసింది, ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లకు పొద్దున పోర్టల్ తెరుచుకోలేదు. వేగాన్ని 20 ఎంబీపీఎస్‌కు కట్టేస్తే ఏడున్నర గంటలు. అందుకే పూర్తి కాపీ శనివారం రాత్రి మాత్రమే, మిగతా రోజులు బిన్‌లాగ్‌లే, రోజుకు 350 ఎంబీ లోపు. అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతాం. నెలకు 650 రూపాయలు అవుతోంది.

జూన్ 8న క్లౌడ్ కాపీ నుంచి రిస్టోర్ టెస్ట్. మెయిన్ సర్వర్, రెండో మెషిన్ రెండూ లేవనుకుని మొదలుపెట్టాను. డౌన్‌లోడ్ అయింది, తెరుచుకోలేదు. ఎన్‌క్రిప్షన్ కీ ఎక్కడుంది? మెయిన్ సర్వర్‌లో. అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. నిజంగా వరద వచ్చి ఉంటే ఆ 68 జీబీ ఎందుకూ పనికొచ్చేది కాదు. ఆ మధ్యాహ్నమే కీని ప్రింట్ తీసి, సీల్ చేసిన కవర్‌లో ఒకటి హాస్పిటల్ లాకర్‌లో, ఇంకొకటి ఎండీ గారి ఇంట్లో పెట్టించాను.

15న మళ్లీ చేశాను. ఈసారి బయటి డిస్క్ నుంచి మొదలుపెట్టి, పొద్దున 11:40 వరకు బిన్‌లాగ్‌లు ఎక్కించాను. మొత్తం 3 గంటల 10 నిమిషాలు. బిల్లుల సంఖ్య సరిపోయింది. అంతటితో నమ్మబుద్ధి కాలేదు. 11:40కి షెల్ఫ్‌లో ఉన్న ఇరవై మందులు లెక్కపెట్టి రాసి ఉంచమని ఫార్మసిస్ట్‌కు ముందే చెప్పాను. ఆయన రాసింది నోట్‌బుక్‌లోనే. ఒక్కొక్కటీ స్క్రీన్‌తో పోల్చుకుంటూ వచ్చాం. పందొమ్మిది సరిపోయాయి. ఇరవయ్యోది ఒక స్ట్రిప్ తేడా, అది పగిలిందని పక్కన పెట్టారట.

ఆ రాత్రి నేను ఫార్మసీ కౌంటర్ దగ్గరే కూర్చున్నాను. రెండు గంటలైంది. 2:04కి ఐసీయూ నుంచి ఒక చీటీ, 2:19కి ఎమర్జెన్సీ నుంచి రెండు. నొక్కిన వెంటనే బిల్లు ప్రింటర్‌లోంచి వచ్చింది. నోట్‌బుక్ తీసేయమంటావా అని ఫార్మసిస్ట్ అడిగాడు. ఉంచమన్నాను. కరెంటు, నెట్‌వర్క్, స్విచ్, ఏది ఎప్పుడు పోతుందో చెప్పలేం. కొత్త పేజీ తీసి పైన తేదీ వేశాడు. రెండు, మూడు మధ్య ఆ పేజీలో ఏమీ రాయలేదు.

పీడీఎఫ్‌లను డేటాబేస్ నుంచి బయటికి తీయమని కంపెనీకి మళ్లీ మెయిల్ పెట్టాను. 5.7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబరులోనే ఆగిపోయాయి, 8.0కు మార్చే సంగతి కూడా అందులోనే రాశాను. ఇంకా జవాబు రాలేదు.